కూడాలా, తీసెయ్యాలా? చిన్న పిల్లలకు పద సమస్యలు నేర్పే పద్ధతి

ఒకటో తరగతి పిల్లాడికి పలక మీద 7 − 3 అని రాసివ్వండి. వేళ్ళు మడిచి 4 అని చెప్పేస్తాడు. అదే పిల్లాడికి పుస్తకంలో "చెట్టు మీద 7 చిలకలున్నాయి. 3 ఎగిరిపోయాయి. ఎన్ని మిగిలాయి?" అన్న లెక్క చూపించండి. కాసేపు పేజీ వంక, కాసేపు మన మొహం వంక చూసి, "కూడాలా, తీసెయ్యాలా?" అని అడుగుతాడు. చాలా ఏళ్ళుగా చిన్న తరగతులకు చెబుతున్నాను. ఈ ప్రశ్న వినని ఏడాది లేదు.

మన పొరపాటు అక్కడే జరుగుతుంది. "తీసెయ్యాలి నాన్నా" అనేస్తాం. వాడు తీసేస్తాడు, జవాబు సరిగ్గానే వస్తుంది, మనం టిక్కు పెడతాం. కానీ ఆ లెక్కలో అసలు పని కూడాలో తీసెయ్యాలో తేల్చుకోవడమే. అది మనం చేసేసి, 7లోంచి 3 తీసే తేలిక పని మాత్రం వాడికి వదిలాం. మర్నాడు ఇంకో లెక్క దగ్గర మళ్ళీ అదే ప్రశ్న వస్తుంది.

అందుకే ఒక నియమం పెట్టుకోండి. "కూడాలా, తీసెయ్యాలా?" అని పిల్లలు అడిగితే జవాబు చెప్పొద్దు. "కథలో ఏం జరిగిందో చెప్పు" అనండి. ఆ ప్రశ్నకు పిల్లలు జవాబు చెప్పగలిగేలా చేయడం ఎలాగో కింద అడుగులవారీగా రాస్తున్నాను. పద సమస్యలని, స్టేట్‌మెంట్ సమ్స్ అని ఏ పేరుతో పిలిచినా పద్ధతి ఇదే. బడిలో టీచర్లకైనా, ఇంట్లో అమ్మానాన్నలకైనా పనికొస్తుంది.

మొదలుపెట్టే ముందు

పది చింతగింజలు పిల్లల ముందు పోసి లెక్కపెట్టమనండి. ఒక్కో గింజను ముట్టుకుంటూ ఒక్కో సంఖ్య చెబుతున్నారా? అయ్యాక "మొత్తం ఎన్ని?" అంటే "పది" అంటున్నారా, లేక మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతున్నారా? మళ్ళీ మొదలుపెడితే, చివర చెప్పిన సంఖ్యే మొత్తం అన్న సంగతి ఇంకా పట్టుబడలేదన్నమాట. అలాంటి పిల్లలకు పద సమస్యలు ఓ నెల ఆగొచ్చు. అది దాటితే, "6 తర్వాత నుంచి లెక్కపెట్టు" అంటే 7, 8, 9 అని అందుకోగలరేమో చూడండి. అందుకోలేకపోయినా ఫరవాలేదు, అది దారిలో వస్తుంది.

మన భాషలో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. వస్తువులకైతే మూడు, నాలుగు అంటాం. మనుషులకైతే ముగ్గురు, నలుగురు. "బస్సులో ఐదుగురున్నారు, ఇద్దరు దిగారు" అని చెబితే ఒక పాప "ఇద్దరంటే ఎంత టీచర్?" అంది. ఇంట్లో రోజూ వినే మాటే, కానీ అది 2 అని తనకెప్పుడూ తట్టలేదు. కాబట్టి ఒకరు, ఇద్దరు, ముగ్గురు వరుసను పిల్లల్నే నిలబెట్టి ఒకసారి లెక్కపెట్టించండి. జత, అరడజను, డజను కూడా ఇంతే. మనకు తెలిసినవి కదా అని వాళ్ళకు చెప్పడం మర్చిపోతాం.

సామాన్ల విషయానికొస్తే, కొనాల్సిందేమీ లేదు. యాభై చింతగింజలు, ఒక పలక, ఒక గుడ్ల అట్ట చాలు. కొట్లో 30 గుడ్లు పెట్టే అట్టలో వరుసకు ఐదు చొప్పున రెండు వరుసలు కత్తిరించుకుంటే పది గుంటల అట్ట తయారవుతుంది. దాని పని తర్వాత చెబుతాను.

మొదటి అడుగు: అంకెలు లేని కథ

ఇది వింతగా అనిపిస్తుంది. లెక్క నేర్పుతూ అంకెలే లేకపోతే ఎలా అంటారు. కానీ నేను ఎక్కువ ఫలితం చూసింది ఇక్కడే. అంకె కనిపిస్తే చాలు, పిల్లలు కథను వదిలేసి అంకెల్ని పట్టుకుంటారు. అంకెలు తీసేస్తే పట్టుకోవడానికి కథ తప్ప ఇంకేమీ ఉండదు.

"అమ్మ పళ్ళెంలో కొన్ని జంతికలు పెట్టింది. చింటూ కొన్ని తినేశాడు." ఇంతే కథ. ఇప్పుడు అడగండి: ముందు ఏముంది? తర్వాత ఏం జరిగింది? ఇప్పుడు పళ్ళెంలో ముందుకంటే ఎక్కువున్నాయా, తక్కువున్నాయా?

తర్వాత అంకెలు వాళ్ళనే వేయమనండి. "అమ్మ ఎన్ని పెట్టుంటుంది? చింటూ ఎన్ని తినుంటాడు?" ఎవరో ఒకరు "అమ్మ 5 పెట్టింది, చింటూ 8 తిన్నాడు" అంటారు. మిగతా పిల్లలు పక్కున నవ్వుతారు. మీరు కలగజేసుకోకండి. ఎందుకు నవ్వారో వాళ్ళనే చెప్పనివ్వండి. ఉన్నవాటికంటే ఎక్కువ తినలేమన్న సంగతి ఏ పాఠం కంటే బాగా ఆ నవ్వులో అర్థమవుతుంది.

రోజుకు రెండు మూడు కథలు, ఒక వారం. అన్నం తినిపిస్తూనో, స్కూటర్ మీద బడికి తీసుకెళ్తూనో చెప్పుకోవచ్చు. మనవలు వేరే దేశంలో ఉంటే వీడియో కాల్‌లో తాతయ్యలు, అమ్మమ్మలు చేయదగ్గ పని కూడా ఇదే. దీనికి పుస్తకం అక్కర్లేదు.

రెండో అడుగు: గింజలతో కథ నడపడం

ఇప్పుడు అంకెలు రావచ్చు. 10 దాటకుండా చూసుకోండి. పుస్తకం ఇంకా తెరవొద్దు, కథ నోటితోనే చెప్పండి.

మొదటిసారి కథ మొత్తం చెబుతున్నప్పుడు పిల్లలు చేతులు కట్టుకుని వినాలి. "బుట్టలో 6 జామకాయలున్నాయి. తాతయ్య ఇంకో 3 తెచ్చి వేశాడు. ఇప్పుడు బుట్టలో ఎన్ని?" రెండోసారి చెబుతుంటే గింజలు కదలాలి. 6 అనగానే ఆరు పెట్టాలి, తాతయ్య రాగానే మూడు వేయాలి. మూడోసారి కథ వాళ్ళే చెబుతూ వాళ్ళే కదపాలి. మొదటిసారి చేతులు కట్టించడానికి కారణం ఉంది. లేకపోతే 6 అన్న మాట వినగానే గింజల వేటలో పడి తర్వాతి మాట వినరు.

చాలామంది ఈ దశను రెండు రోజుల్లో ముగించేస్తారు. "మా పాప నోటితోనే చేసేస్తుంది, గింజలెందుకు?" అని తల్లిదండ్రులు అడుగుతారు. తేలిక కథలకు అక్కర్లేదు, నిజమే. కష్టమైన కథలు వచ్చినప్పుడు గింజలతో ఆలోచించే అలవాటు ఉన్న పిల్లలు తడబడరు, అందుకు కావాలి.

తరగతిలోనైతే ఆర్టీసీ బస్సు ఆట ఆడించండి. రెండు వరుసల కుర్చీలు, ఒక కండక్టర్, ఒక డ్రైవర్. "బస్టాండ్‌లో ఏడుగురు ఎక్కారు. కాలేజీ స్టాప్‌లో ముగ్గురు దిగారు, ఇద్దరు ఎక్కారు." ప్రతి స్టాప్‌లో కండక్టర్ లెక్క చెబితేనే "రైట్ రైట్". నలభై మంది ఉన్న తరగతిలో ఇది గోలగోలగా ఉంటుంది. ఉండనివ్వండి. పక్క తరగతి టీచర్‌కి ముందే ఓ మాట చెప్పుకుంటే సరిపోతుంది.

మూడో అడుగు: బొమ్మ

గింజలు కదిపిన కథనే పలక మీద గీయించాలి. ఇక్కడో జాగ్రత్త. మామిడికాయల లెక్క అంటే కొందరు మామిడికాయకు తొడిమ, ఆకు, రంగు వేస్తూ పీరియడంతా గడిపేస్తారు. "లెక్క బొమ్మలో అన్నీ సున్నాలే. మామిడికాయా సున్నానే, ఏనుగూ సున్నానే" అని మొదటిరోజే ఒప్పందం చేసుకోండి. పోయినవాటి మీద అడ్డగీత, వచ్చినవాటి చుట్టూ గుండ్రం.

కొన్ని వారాలకు సున్నాలు గీయడం విసుగవుతుంది. అప్పుడు పెట్టె బొమ్మ చూపించండి. ఒక పొడుగు పెట్టె గీసి, మధ్యలో ఒక గీతతో రెండు గదులు చేస్తాం. రెండు గదుల్లో రెండు భాగాలు, పెట్టె పైన మొత్తం. తెలియని చోట ప్రశ్నగుర్తు. సింగపూర్ బడుల్లో 1980ల నుంచి వాడుతున్న పద్ధతి ఇది. దీని గొప్పతనం ఏమిటంటే, మొత్తం తెలియకపోతే రెండు గదులూ కలపాలని, ఒక గది ఖాళీగా ఉంటే మొత్తంలోంచి రెండో గదిని తీయాలని బొమ్మే చెబుతుంది. "కూడాలా, తీసెయ్యాలా?" అన్న ప్రశ్నకు జవాబు మనం చెప్పక్కర్లేదు.

నాలుగో అడుగు: గుర్తులు

చేత్తో చేయడం, బొమ్మగా చూడడం, గుర్తుగా రాయడం. అమెరికన్ మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960ల్లో చెప్పిన వరుస కూడా ఇదే. మన బడుల్లో ఎక్కువగా మూడోదానితో మొదలుపెట్టి, రాని పిల్లలకు మాత్రం మొదటిదానికి వెనక్కి వస్తాం.

సమానం గుర్తు దగ్గర కాస్త ఆగండి. 5 + 3 = 8ని "ఐదు ప్లస్ మూడు, వచ్చింది ఎనిమిది" అని చదివించడం అలవాటు. దాంతో = అంటే "ఇక్కడ జవాబు రాయి" అని పిల్లలు అనుకుంటారు. 8 = 5 + 3 అని రాస్తే తప్పంటారు. త్రాసులో రెండు పళ్ళేలూ సరితూగడమే సమానం అని చెప్పి, రెండు రకాలుగానూ రాయించండి. ఇది ఇప్పుడు సరిచేస్తే, "కొన్ని గోళీలున్నాయి, 3 కొన్నాక 8 అయ్యాయి" అన్న కథను □ + 3 = 8 అని కథ జరిగిన వరుసలోనే రాయగలరు. జవాబు ఎలా కనుక్కుంటారన్నది వేరే సంగతి. ముందు కథ కాగితం మీదికి రావాలి.

కథలన్నీ ఒకటి కాదు

5, 3, 8. ఈ మూడు అంకెలతోనే అతి తేలిక లెక్క చేయొచ్చు, మూడో తరగతి పిల్లలు తికమకపడే లెక్కా చేయొచ్చు. తేడా అంకెల్లో లేదు, కథలో ఏది దాచామన్న దానిలో ఉంది. 1980ల్లో అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ కార్పెంటర్, ఎలిజబెత్ ఫెన్నెమా బృందం దీన్ని లోతుగా పరిశీలించి, కథల్ని రకాలుగా విడగొట్టింది. వచ్చి చేరేవి, పోయేవి, భాగాలు, పోలికలు. నాలుగింటినీ నాకు అనుభవమైన విధంగా చెబుతాను.

వచ్చి చేరే కథల్లో తేలికది ఇది: గూటిలో 5 పావురాలున్నాయి, 3 వచ్చాయి, ఇప్పుడెన్ని? కథ నడిచినట్టే గింజలు నడిపితే జవాబు వచ్చేస్తుంది. దీన్నే "5 పావురాలున్నాయి, కొన్ని వచ్చాక 8 అయ్యాయి, వచ్చినవి ఎన్ని?" అంటే మెట్టు పెరిగింది. చాలామంది 5కి 8 కలిపి 13 అంటారు. ఇక "కొన్ని పావురాలున్నాయి, 3 వచ్చాక 8 అయ్యాయి, మొదట ఎన్ని?" అన్నది అన్నిటికంటే కష్టం. ఎందుకంటే కథ మొదలుపెట్టగానే ఎన్ని గింజలు పెట్టాలో తెలియదు. చేతులు ఖాళీగా ఆగిపోతాయి. అక్కడ ఒక గిన్నె బోర్లించి "ఈ గిన్నె కింద కొన్ని పావురాలున్నాయి" అనండి. పక్కన 3 పెట్టించండి. మొత్తం 8 అయితే గిన్నె కింద ఎన్నుండాలో ఊహించి, గిన్నె ఎత్తి చూసుకోమనండి. ఈ గిన్నె ఆటను పిల్లలు ఎన్నిసార్లైనా ఆడతారు.

పోయే కథలూ ఇలాగే మూడు మెట్లు. చివరి మెట్టు చూడండి: "రాము దగ్గర కొన్ని గోళీలున్నాయి. 3 పోగొట్టుకున్నాడు. 5 మిగిలాయి. మొదట ఎన్ని?" కథలో పోయాయి, మిగిలాయి, కానీ లెక్కలో కూడాలి. గోళీల్ని వెనక్కి రప్పించాలి. "సినిమాను వెనక్కి తిప్పుదాం" అంటే పిల్లలకు భలే సరదా. పోయిన గోళీలు నేల మీంచి ఎగిరి జేబులోకి వచ్చేస్తాయి.

భాగాల కథల్లో అసలేమీ జరగదు. "పెరట్లో 5 మల్లె మొక్కలు, 3 మందార మొక్కలు ఉన్నాయి. మొక్కలెన్ని?" ఎవరూ రారు, ఎవరూ పోరు. ఏం జరిగిందో చెప్పమంటే పిల్లలు బిక్కమొహం వేస్తారు. ఇక్కడ "ఇందులో ఎన్ని రకాలున్నాయి? అన్నిటికీ కలిపి ఒక పేరు చెప్పు" అని అడగాలి. మల్లె, మందార కలిపితే మొక్కలు. అరటి, జామ కలిపితే పళ్ళు. పెట్టె బొమ్మకు ఇంతకంటే మంచి చోటు లేదు.

పోలికల దగ్గరే ఎక్కువ ఓపిక కావాలి. 1983లో టామ్ హడ్సన్ అనే పరిశోధకుడు పిల్లలకు ఒక బొమ్మ చూపించాడు. 5 పిట్టలు, 3 పురుగులు. "పురుగుల కంటే పిట్టలు ఎన్ని ఎక్కువ?" అని అడిగితే నర్సరీ పిల్లల్లో నూటికి 17 మందే సరిగ్గా చెప్పారు. అదే బొమ్మ చూపించి, "పిట్టలన్నీ పురుగుల కోసం పరిగెత్తాయి. ఎన్ని పిట్టలకు పురుగు దొరకదు?" అంటే నూటికి 83 మంది చెప్పేశారు. పిల్లలకు తేడా అర్థంకాక కాదు, "ఎన్ని ఎక్కువ" అని మనం అడిగే తీరు అర్థంకాక.

దీన్ని తెలుసుకున్నాక నేను పోలికల పాఠాన్ని కుర్చీలాటతో మొదలుపెడుతున్నాను. 8 మంది పిల్లలు, 5 కుర్చీలు. కుర్చీ దొరకనివాళ్ళు ఎందరు? ముగ్గురు. ఆ ముగ్గుర్నీ నిలబెట్టి, "కుర్చీల కంటే పిల్లలు ముగ్గురు ఎక్కువ. పిల్లల కంటే కుర్చీలు 3 తక్కువ" అని రెండు మాటలూ పిల్లల చేత చెప్పిస్తాను. తర్వాత గింజల్ని రెండు వరుసల్లో జతలు జతలుగా పేర్చడం, ఆ తర్వాత ఒకదాని కింద ఒకటిగా రెండు పెట్టెలు గీయడం.

మాటల గుర్తులు నమ్మొద్దు

"మొత్తం అంటే కూడు, మిగిలాయి అంటే తీసెయ్" అని గోడకు చార్టు అంటించిన తరగతులు ఎన్నో చూశాను. నేనూ అంటించాను, దాచేదేముంది. మొదటి నెల బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పరీక్షలో మార్కులూ వస్తాయి. తర్వాత ఇలాంటి లెక్క వస్తుంది: "తరగతిలో మొత్తం 9 మంది. వాళ్ళలో 4గురు ఆడపిల్లలు. మగపిల్లలు ఎందరు?" చార్టు నమ్మినవాళ్ళంతా 13 రాస్తారు. తొమ్మిది మందే ఉన్న తరగతిలో పదమూడు మంది మగపిల్లలు!

తెలుగులో ఈ గుర్తులు మరీ మోసం చేస్తాయి. "ఇంకా" అన్న మాటే తీసుకోండి. "బుట్టలో ఇంకా ఎన్ని ఉన్నాయి?" అంటే మిగిలినవి. "ఇంకా 3 తెచ్చాడు" అంటే చేరినవి. "ఇంకా ఎన్ని కావాలి?" అంటే లోటు. ఒకే మాట, మూడు కథలు.

"ఇచ్చాడు" ఇంకా గమ్మత్తు. "రాము రవికి 3 గోళీలు ఇచ్చాడు", "రాముకి రవి 3 గోళీలు ఇచ్చాడు". రాము దగ్గర ఎన్నున్నాయన్నది ప్రశ్న అయితే మొదటిది తీసివేత, రెండోది కూడిక. తేడా అంతా "కి" ఎక్కడుందన్న దానిలోనే ఉంది. మాటల వరుసను గబగబా చదివేసే పిల్లలు దీన్ని దాటిపోతారు. ఇద్దరు పిల్లల్ని నిలబెట్టి నిజంగా గోళీలు చేతులు మార్పిస్తే ఐదు నిమిషాల పని.

"లత దగ్గర 8 పూసలున్నాయి. అవి గీత దగ్గరున్న వాటికంటే 3 ఎక్కువ. గీత దగ్గర ఎన్ని?" ఇందులో "ఎక్కువ" ఉంది, కానీ జవాబు 5. ఇక్కడ అడగాల్సింది ఒకటే: "ఎవరి దగ్గర ఎక్కువున్నాయి?" లత దగ్గర అన్న సంగతి తేలితే సగం లెక్క అయినట్టే.

అర్థం వదిలేసి అంకెల వెంట పడితే ఎంతదూరం పోతారో 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు తేల్చి చూపించారు. "ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత?" అని ఏడెనిమిదేళ్ళ ఈడు పిల్లల్ని 97 మందిని అడిగితే, 76 మంది ఆ అంకెలతోనే ఏదో లెక్క చేసి వయసు చెప్పేశారు. నవ్వుకున్నాను కానీ, మా తరగతిలో ఇలాంటిదే అడిగి చూశాక నవ్వు ఆగిపోయింది.

అంటే మొత్తం, మిగిలాయి, కంటే లాంటి మాటలు నేర్పొద్దని కాదు. బాగా నేర్పండి, కానీ మాటలుగా నేర్పండి. ఆ మాటకు ఆ కథలో అర్థమేమిటని అడగండి.

లెక్కపెట్టే తీరు

వేళ్ళు మడవనివ్వండి. వేళ్ళ మీద లెక్కపెట్టొద్దని కొట్టే పెద్దలు ఇంకా ఉన్నారు. చేతులు బల్ల కింద పెట్టుకుని లెక్కపెట్టడం తప్ప పిల్లలు దానివల్ల ఇంకేమీ నేర్చుకోరు.

6 + 3కి మొదట్లో పిల్లలు ఆరు వేళ్ళు, మూడు వేళ్ళు చూపించి ఒకటి నుంచి తొమ్మిది దాకా లెక్కపెడతారు. కొన్నాళ్ళకు "ఆరు... ఏడు, ఎనిమిది, తొమ్మిది" అని అందుకుంటారు. దీన్ని త్వరపెట్టాలంటే వైకుంఠపాళి ఆడించండి. 6లో ఉన్న కాయను 3 గళ్ళు జరపడానికి ఎవరూ ఒకటో గడికి వెనక్కి వెళ్ళరు కదా.

10 దాటిన కూడికలకు గుడ్ల అట్ట. 8 + 5 అయితే ఎనిమిది గుంటల్లో గింజలు వేసి, ఐదులోంచి రెండు తీసి ఖాళీలు నింపితే పది అయిపోయింది, చేతిలో మూడు మిగిలాయి. 13. నాలుగైదు రోజులు చేస్తే అట్ట లేకుండానే కళ్ళు మూసుకుని చెబుతారు.

తీసివేతలో వెనక్కి లెక్కపెట్టడం కష్టం. 20 − 14కి ఇరవై నుంచి పద్నాలుగు సార్లు వెనక్కి రావడం పెద్దవాళ్ళకే విసుగు. కిరాణా కొట్టాయన చిల్లరిచ్చే తీరు నేర్పండి: పద్నాలుగు రూపాయల సరుకు, ఇరవై నోటు. పదిహేను, పదహారు... ఇరవై, ఆరు రూపాయలు.

పుస్తకం తెరిచే వేళ

ఇంతవరకూ కథ చెవిన పడింది. ఇప్పుడు కంటితో చదవాలి. చదవడమే ఇంకా కూడబలుక్కునే పిల్లలకు లెక్క మీరే చదివి వినిపించండి. అక్షరాల తడబాటుకు లెక్కల్లో మార్కులు తీయడం న్యాయం కాదు.

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇప్పుడు ప్రభుత్వ బడి పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా వస్తున్నాయి. దీన్ని వాడుకోండి. కథను తెలుగు పేజీలో అర్థం చేసుకుని, బొమ్మ గీశాక, ఇంగ్లీషు పేజీలో ఆ వాక్యాలను వెతకమనండి. నేరుగా ఇంగ్లీషుతో మొదలుపెడితే ఏమవుతుందో చెబుతాను. "హౌ మెనీ ఆర్ లెఫ్ట్?" అన్న ప్రశ్నకు ఒక పిల్లాడు బొమ్మలో ఎడమ వైపున్న కాకుల్ని మాత్రం లెక్కపెట్టి జవాబు రాశాడు. లెఫ్ట్ అంటే ఎడమ అనే కదా డ్రిల్లులో నేర్పాం! వాడి తప్పేమీ లేదు.

పుస్తకంలో లెక్క ముందు పెట్టుకున్నప్పుడు వరుస ఇలా ఉండాలి. అంకెల్ని చేత్తో మూసి కథ చదవడం. ప్రశ్న దేని గురించో సొంత మాటల్లో చెప్పడం. బొమ్మ. గుర్తులతో రాయడం. లెక్క చేయడం. ఆఖర్న జవాబును కథలో పెట్టి మళ్ళీ చదవడం: "చెట్టు మీద 7 చిలకలున్నాయి, 3 ఎగిరిపోయాయి, 4 చిలకలు మిగిలాయి." కుదిరిందా? 10 మిగిలాయని రాసినవాళ్ళకు ఇక్కడ వాళ్ళ చెవే తప్పు చెబుతుంది. ఉత్త 4 అని రాస్తే "నాలుగు ఏమిటి? ఏనుగులా?" అని అడగండి.

తప్పు వచ్చినప్పుడు

ఎర్ర పెన్ను తీయకముందు "కథ చెప్పు" అనండి. కథే తప్పు చెబితే గింజల దగ్గరికి వెళ్ళాలి. కథ సరిగ్గా చెప్పి జవాబు ఒకటి అటూ ఇటూ అయితే అది లెక్కపెట్టడంలో జారింది, పద సమస్య వచ్చినట్టే. కథా లెక్కా సరిగ్గా ఉండి గుర్తు తప్పు రాస్తే, నాలుగో అడుగులో రెండు రోజులు గడిపితే చాలు. ఈ మూడింటికీ "ఇంకో పది లెక్కలు చెయ్" అన్న ఒకే మందు ఇస్తుంటాం. మొదటి రకం పిల్లలకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

జవాబు సరైనప్పుడు కూడా "ఎలా చేశావు?" అని అడగండి. తప్పు చేసినప్పుడే అడిగితే, ఆ ప్రశ్న వినగానే టెన్షన్‌తో జవాబు చెరిపేస్తారు.

ఎంత, ఎన్నాళ్ళు

రోజుకు పదిహేను నిమిషాలు, మూడు లెక్కలు. మూడూ మూడు రకాలుగా ఉండాలి. "కూడిక పద సమస్యలు" అని శీర్షిక పెట్టి పది లెక్కలిచ్చే వర్క్‌షీట్లంటే నాకు గిట్టదు. ఆ శీర్షిక చదివాక ఇక కథ చదవాల్సిన పనే లేదు.

కొత్త రకం కథ, పెద్ద అంకెలు ఒకే రోజు తేవొద్దు. కొత్త కథ వచ్చినప్పుడు అంకెలు 10 లోపు, అంకెలు పెరిగినప్పుడు పాత కథ. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూసేందుకు 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల్లో ఒకటో తరగతికి చిన్న కూడికలు, తీసివేతలు, రెండో తరగతికి 99 వరకు తీసివేత ఉన్నాయి. కాబట్టి ఒకటో తరగతి ఏడాదంతా 20 లోపే తిరిగినా వెనకబడ్డామని కంగారుపడొద్దు.

శుక్రవారం లెక్కలు పిల్లలే కట్టాలి. "7 − 2కి ఒక కథ చెప్పు" అనండి. ఒకసారి ఒక పాప, "మా నాన్న 7కి వస్తానన్నాడు, 2 గంటలు ముందే వచ్చాడు" అంది. నేను పదేళ్ళు చెప్పినా నాకు తట్టని కథ అది.

ఇంట్లో వాడుకోవడానికి కొన్ని లెక్కలు ఇస్తున్నాను. కావాలనే కలిపేశాను, రకం పేరు పిల్లలకు చెప్పొద్దు.

1. పూలబుట్టలో 9 బంతిపూలున్నాయి. దండకు 6 వాడాం. ఇంకా ఎన్ని ఉన్నాయి?
2. పెనం మీద 4 దోసెలు వేశాక డబ్బాలో మొత్తం 10 దోసెలయ్యాయి. అంతకుముందు డబ్బాలో ఎన్ని?
3. అక్కకు 8 ఏళ్ళు. తమ్ముడు అక్కకంటే 3 ఏళ్ళు చిన్న. తమ్ముడికి ఎన్నేళ్ళు?
4. ఆటోలో ముగ్గురున్నారు. దారిలో కొందరు ఎక్కారు. ఇప్పుడు ఏడుగురు. ఎక్కినవాళ్ళు ఎందరు?
5. రవికి సీత 2 రేగిపళ్ళు ఇచ్చింది. ఇప్పుడు సీత దగ్గర 6 ఉన్నాయి. ఇవ్వకముందు సీత దగ్గర ఎన్ని?
6. పళ్ళెంలో 5 అరిసెలు, 4 సున్నుండలు ఉన్నాయి. పిండివంటలెన్ని?
7. కావ్య దగ్గర 7 గాజులున్నాయి. అవి రాణి దగ్గరున్న వాటికంటే 2 ఎక్కువ. రాణి దగ్గర ఎన్ని?
8. దొడ్లో 6 గేదెలు, 3 దూడలు ఉన్నాయి. పాలు పితికే తాతకు ఎన్నేళ్ళు?

ఎనిమిదోది అడిగినప్పుడు మొహం మామూలుగా పెట్టండి. 9 అని జవాబొస్తే నవ్వొద్దు. "కథ చెప్పు" అనండి, అంతే.